‘దేంట్లో నూరావయ్యా?’

ఎక్స్‌రే పౌడర్ డిఫ్రాక్షన్‌కి (పొడిలో ఏ ఖనిజాలున్నాయో చెప్పే పరీక్ష, ల్యాబుల్లో అందరూ ఎక్స్ఆర్‌డీ అనేస్తారు) శాంపిల్ పంపేవాళ్లు ముందుగా అడిగేది ‘రిపోర్టు ఎన్నాళ్లకొస్తుంది?’ అని. ల్యాబులో కూర్చున్నవాళ్లు అడగాలనుకునేవి వేరే ఉంటాయి. ఈ పొడి ఎక్కడిది, ఎవరు నూరారు, దేంతో నూరారు, ఎలా ఎండబెట్టారు? మెషీన్‌కి శాంపిల్ చరిత్ర తెలీదు. పళ్లెంలో ఏది పోస్తే దాని సంగతే చెబుతుంది.

అసలు పొడి ఎందుకు? రాయి రాయిలాగే పంపితే?

పంపొచ్చు. చాలా ల్యాబులు తామే నూరుకుంటాయి, మీకు అలవాటు లేకపోతే అదే మేలు. కానీ పొడి ఎందుకో తెలిస్తే మిగతావన్నీ వాటంతటవే అర్థమవుతాయి.

స్ఫటికంలో పరమాణువులు వరసలు వరసలుగా పేర్చి ఉంటాయి. ఎక్స్‌రేలు సరైన కోణంలో తగిలితేనే ఆ వరసల నుంచి బలంగా తిరిగొస్తాయి. ఆ కోణానికీ, వరసల మధ్య ఎడానికీ ఉన్న లెక్క బ్రాగ్ పేరున ఉంది. ఆ పనికి తండ్రీకొడుకులిద్దరికీ 1915లో నోబెల్ వచ్చింది, అప్పటికి కొడుక్కి పాతికేళ్లు. ఒక్కటే పెద్ద స్ఫటికమైతే దాన్ని అన్ని వైపులా తిప్పి చూడాలి. పొడి చేస్తే తిప్పే పని తప్పుతుంది. రేణువులు ఎటుబడితే అటు పడి ఉంటాయి కాబట్టి ఏ కోణానికైనా కొన్ని సరిగ్గా ఎదురుపడతాయి. 1916లో డెబై, షెరర్ పట్టుకున్న కిటుకు ఇదే.

తిరునాళ్లలో మేడమీద నిలబడి జనాన్ని చూస్తే మీవైపు తిరిగినవాళ్ల మొహాలే కనిపిస్తాయి కదా. జనం వేలల్లో ఉంటే ఎటు చూసినా కొన్ని మొహాలుంటాయి. పదిమందే ఉంటే అంతా అదృష్టం. క్వార్ట్జ్ పొడికి వేసిన ఒక లెక్క ప్రకారం రేణువులు 40 మైక్రాన్లుంటే ఒక కోణంలో సరిగ్గా ఎదురుపడేవి పన్నెండే. అవే 10 మైక్రాన్లయితే సుమారు 760. అందుకని బొంబాయి రవ్వలా కాదు, మైదాలా ఉండాలి. 325 మెష్ జల్లెడ అంటే దాదాపు 45 మైక్రాన్లు. ఏ ఖనిజముందో గుర్తుపట్టడానికి అది చాలు. ఎంత శాతముందో కావాలంటే 10 మైక్రాన్ల లోపుకి దిగాలి. జల్లెడ లేకపోతే చిటికెడు తీసి వేళ్ల మధ్య రుద్దండి, గరగర తగలకూడదు. గరుకు తెలియడానికి పంటికింద వేసి చూసే పాతకాలం అలవాటు మాత్రం వద్దు.

జల్లెడ దగ్గర అందరూ చేసే తప్పొకటుంది. పైన మిగిలిన రవ్వను పారేస్తారు. మెత్తగా నలిగిన ఖనిజం కిందికి దిగి, గట్టిది పైన ఉండిపోతుంది. అంటే పారేసింది శాంపిల్లో సగం నిజం. ఆ మిగిలినదాన్ని మళ్లీ నూరి మొత్తం దింపాల్సిందే.

అయితే ఎంత నూరితే అంత మంచిదా?

కాదు. నూరుడు వేడిని పుట్టిస్తుంది, స్ఫటికాన్ని చితక్కొడుతుంది. జిప్సం తనలోని నీటిలో కొంత వదిలేసి వేరే ఖనిజమైపోతుంది. సముద్రపు గుల్లల్లో ఉండే ఆరగొనైట్ గంటల తరబడి నూరితే కాల్సైట్‌గా మారుతుంది. రెండూ కాల్షియం కార్బొనేటే, రసాయన పరీక్షకు తేడా తెలీదు. ఆ తేడా చెప్పడానికే ఎక్స్ఆర్‌డీ ఉంది, దాన్ని మన చేతులతో మనమే చెరిపేస్తే ఎలా? అందుకే అగేట్ కల్వంలో కొంచెం ఆల్కహాల్ పోసి తడిగా నూరతారు. వేడి పుట్టదు, ధూళి లేవదు. సిమెంటైతే మాత్రం నీటిచుక్క తగలనివ్వకండి, అక్కడే గట్టిపడడం మొదలుపెడుతుంది.

కల్వం మాట వచ్చింది కాబట్టి నా సంగతి. చదువుకునే రోజుల్లో గుల్లలు తెచ్చి, ల్యాబు తాళం వేసుంటే ఇంటి రోట్లో దంచాను. అప్పుడే గాట్లు కొట్టించిన నల్లరాతి రోలు. ఎక్స్‌రేలు బలంగా తిరిగొచ్చిన కోణాలు శిఖరాలుగా కనిపించే గ్రాఫులో, 26.6 డిగ్రీల దగ్గర చక్కటి క్వార్ట్జ్ శిఖరం. గుల్లలో క్వార్ట్జ్! రెండు రోజులు పేపరు రాసే ఊహల్లో తిరిగాను. మాస్టారు గ్రాఫు చూసి కళ్లద్దాలు తీసి ఒకే మాట అడిగారు: ‘దేంట్లో నూరావయ్యా?’

మిక్సీ జారుకీ ఇదే కథ, అక్కడ రాయికి బదులు స్టీలు కలుస్తుంది.

ఎండబెట్టడం?

నీడలో, లేదా 40 డిగ్రీల దగ్గర. ఓవెన్ 110లో పెడితే తడితోపాటు జిప్సంలోని నీళ్లూ పోతాయి. తడిమట్టిని కవర్లో కట్టి వారాల తరబడి వదిలేస్తే బూజు పడుతుంది, పైరైట్ లాంటివి ఉంటే కొత్త లవణాలు పుడతాయి.

గూడూరు అభ్రకం, నల్లరేగడి కూడా ఇలాగేనా?

ఇవి మొండివి. పేకముక్కలు నేలమీద వెదజల్లితే ఒక్కటీ నిలువుగా నిలబడదు. అభ్రకం రేకులూ అంతే, అన్నీ వెల్లకిలా పడుకుంటాయి. దాంతో ఒక్క వరస శిఖరం ఆకాశాన్నంటి, మిగతావి కనిపించవు. పళ్లెం వెనకవైపు నుంచి నింపడం దీనికి కొంత విరుగుడు. నల్లరేగడిలోని మాంట్‌మోరిల్లొనైట్‌ని పట్టుకోవడానికైతే కావాలనే పడుకోబెడతారు. తర్వాత ఇథిలీన్ గ్లైకాల్ ఆవిరి పట్టిస్తే దాని పొరల ఎడం 17 ఆంగ్‌స్ట్రామ్‌లకు ఉబ్బుతుంది. వానకు ఉబ్బి ఎండకు నెర్రెలిచ్చే నేల గుణం గ్రాఫులో కనిపించేది అక్కడే. కాబట్టి నల్లరేగడి పంపేటప్పుడు ‘బంకమన్ను ఖనిజాలు చూడాలి’ అని ప్రత్యేకంగా రాయండి, లేకపోతే మామూలు పద్ధతిలో కానిచ్చేస్తారు. ఇనుము బాగా ఉన్న ఎర్రమట్టయితే అదీ రాయండి. రాగి ట్యూబు ఎక్స్‌రేలకు ఇనుము సొంతంగా మెరిసి గ్రాఫు అడుగంతా పైకి లేపుతుంది, కోబాల్ట్ ట్యూబు ఉన్నవాళ్లు దాన్ని వాడతారు.

ఎంత పంపాలి?

పొడి రెండు మూడు గ్రాములు హాయిగా చాలు. ఆ మూడు గ్రాములు బస్తాలో పైపైన చేతికందినవి కాకూడదు. మొత్తాన్ని కుప్పపోసి, చదును చేసి, నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు రెండు భాగాలు తీసుకోండి. వాటిని కలిపి మళ్లీ అలాగే, కావలసినంతకు దిగేదాకా.

పోస్టులో ఎలా?

మూత తిప్పి బిగించే చిన్న ప్లాస్టిక్ సీసా, దాన్నొక జిప్ కవర్లో, ఆ కవర్ని అట్టపెట్టెలో. నేరుగా పాలిథిన్ కవర్లో పోస్తే పొడి గోడలకు అంటుకుపోతుంది, సన్నటి రేణువులు ముందు. పొట్లం కడితే మూలల్లోంచి కారుతుంది. సెల్లోటేపు మీద అద్ది పంపితే జిగురుతో సహా కొలవాలి. ఆల్కహాల్లో నూరినదైతే పూర్తిగా ఆరనివ్వండి, మండే ద్రవాలను పోస్టులో ఒప్పుకోరు.

పేరు సీసామీదే రాయండి, మూతమీద కాదు. మూతలు మారిపోతాయి. ‘శాంపిల్ 1’ అని ఒకే వారంలో ముగ్గురు పంపుతారు కాబట్టి ఊరు, తేదీ, మీ పొడి అక్షరాలు కలిపి ఒక గుర్తు పెట్టండి. జెల్ పెన్ను ఆల్కహాల్ తగిలితే చెరిగిపోతుంది, చీటీ మీద పెన్సిల్‌తో రాసి అంటిస్తే చెరగదు. తెల్లపొడి చూస్తే కౌంటర్లో అనుమానపడతారు, లోపలేముందో, ఎందుకో రాసిన సంతకం కాగితం పెట్టెకు అంటించండి. విదేశాలకు మట్టి పంపడం వేరే వ్యవహారం. చాలా దేశాలు పర్మిట్ లేకుండా రానివ్వవు, మన దేశమూ బయటి మట్టిని అలాగే ఆపుతుంది. ఇక పులివెందుల వైపు దొరికే రాతినార (ఆస్బెస్టాస్) లాంటిది ఉందని అనుమానముంటే నూరొద్దు. ముక్కగానే రెండు కవర్లలో మూసి, పెద్దక్షరాల్లో రాసి, ముందే ఫోన్ చేసి పంపండి. తెరిచేవాళ్లూ ఊపిరి పీల్చే మనుషులే.

చివరిగా, సగం మీ దగ్గర ఉంచుకోండి. రిపోర్టు మీద సందేహం వస్తే మళ్లీ పంపడానికి అదొక్కటే ఆధారం. ఉంచిన చోటు ఇంట్లో చెప్పండి. నేను దాచిన తెల్లటి కాల్సైట్ పొడి ఒక ధనుర్మాసం పొద్దున మా గుమ్మం ముందు చుక్కల ముగ్గయింది.