టీచరు కాకముందు సావిత్రిబాయి

సావిత్రిబాయి ఫూలే గురించి మన సభల్లో ఎవరు మాట్లాడినా దారిలో ఆమె మీద పడ్డ పేడ, రాళ్ళు, వెంట తీసుకుపోయిన రెండో చీర తప్పకుండా వస్తాయి. రావాల్సిందే. అయితే ఆ దారిన బడికి నడవడానికి ముందు ఆమె నడిచిన ఇంకో దారి ఉంది. అది టీచర్ ట్రైనింగ్ దారి. దాని గురించి మనం మాట్లాడుకున్నది చాలా తక్కువ. తెలంగాణ ప్రభుత్వం 2025లో జనవరి 3ను మహిళా ఉపాధ్యాయ దినోత్సవంగా ప్రకటించింది. ఆ రోజు ఆమె ఫోటోకు దండ వేసే బి.ఇడి. విద్యార్థులకు, ఆమె కూడా ఒకప్పుడు తమలాగా ట్రైనీయే అన్న సంగతి తెలియాలని మేం అనుకుంటున్నాం.

1831లో సతారా దగ్గరి నాయగావ్‌లో పుట్టిన సావిత్రికి 1840లో జోతిరావుతో పెళ్ళయ్యేనాటికి చదువు లేదు. ఇంట్లో జోతిరావు, ఆ తర్వాత ఆయన మిత్రులు సఖారాం యశ్వంత్ పరాంజపే, కేశవ్ శివరాం భావల్కర్ ఆమెకు చదువు నేర్పారు. కానీ చదవడం వేరు, చదువు చెప్పడం వేరు. చెప్పడం నేర్చుకోవడానికి ఆమె రెండు చోట్లకు వెళ్ళింది. ఒకటి అహ్మద్‌నగర్ (నేటి అహిల్యానగర్)లో సింథియా ఫరార్ నడిపిన సంస్థ. రెండోది పూనాలో మిచెల్ దొరసాని నార్మల్ స్కూలు. టీచర్లను తయారుచేసే బడిని ఆ రోజుల్లో నార్మల్ స్కూలు అనేవాళ్ళు. మొదటిది అమెరికన్ మిషన్‌ది, రెండోది స్కాటిష్ మిషన్‌ది.

ఈ ఫరార్ ఎవరు? 1827 డిసెంబర్‌లో బొంబాయిలో ఓడ దిగిన అమెరికన్ మహిళ. పెళ్ళి చేసుకోకుండా, ఏ మిషనరీకీ భార్యగా కాకుండా, టీచరుగానే వచ్చింది. 1839లో అహ్మద్‌నగర్ చేరి, 1862లో చనిపోయేదాకా ఆడపిల్లల బడులే ఆమె లోకం. 1848లో జోతిరావు వెళ్ళి ఆమె బడిని చూశాడు. పూనా భిడేవాడలో ఫూలే దంపతుల ఆడపిల్లల బడి మొదలైందీ ఆ సంవత్సరమే.

ఆ ట్రైనింగు గదిలో ఏం జరిగిందో ఊహించి కథలల్లడం మా పని కాదు. ఆ గది ఎట్లాంటిదో మాత్రం చెప్పొచ్చు. చదువు చెప్పడమే వృత్తిగా బతికే ఆడమనిషి అక్కడ కళ్ళెదుట ఉంది. పీష్వాల పాలన పోయి ముప్ఫై ఏళ్ళే అయిన ప్రాంతంలో, శూద్రకులంలో పుట్టిన పదిహేడేళ్ళ పిల్లకు అట్లాంటి మనిషి తన చుట్టుపక్కల దొరకదు. మాలాగా ఇంట్లో మొట్టమొదట డిగ్రీ చదివినవాళ్ళకు ఈ మాట విడమరిచి చెప్పక్కర్లేదు. పాఠం ఎట్లా చెప్పాలన్నది తర్వాతి సంగతి. ఆ కుర్చీలో మనబోటివాళ్ళు కూడా కూర్చోవచ్చునన్నది ముందు కంటికి కనబడాలి. మన ఆంధ్రలోనూ మాల మాదిగ వాడల్లోంచి వచ్చిన తొలితరం పంతుళ్ళలో చాలామంది మిషన్ ట్రైనింగ్ స్కూళ్ళలో తయారైనవాళ్ళే.

విదేశీ తరగతి గదికి దాని లక్ష్యం దానికుంది. మిషనరీలు మతం కోసం వచ్చారు, ఆ సంగతి దాచుకోలేదు కూడా. ఫూలే దంపతులు వాళ్ళ నుంచి బోధన తీసుకున్నారు, మతం తీసుకోలేదు. 1873లో సత్యశోధక సమాజాన్ని స్థాపించారు. అదే ఏడు వచ్చిన 'గులాంగిరి'ని ఫూలే అంకితమిచ్చింది బానిసత్వాన్ని రద్దుచేసిన అమెరికా ప్రజలకు. బయటి దేశంతో వాళ్ళ సంబంధం అది. తమ ఊరి అన్యాయాన్ని కొలవడానికి అక్కడ ఒక కొలబద్ద దొరికింది. విదేశాల బడులు చూసొచ్చి గోడల రంగుల గురించి, బల్లల ఆకారం గురించి చెప్పేవాళ్ళు ఇవాళ మనకు తక్కువేం లేరు. చూసొచ్చినవాళ్ళు ఇక్కడ ఎవరిని బడిలోకి తెచ్చారన్నదే మా ప్రశ్న.

సావిత్రిబాయి తెచ్చింది ఎవరిని? 1851-52 నాటికి పూనాలో వాళ్ళ ఆడపిల్లల బడులు మూడయ్యాయి. 1852లో మహర్, మాంగ్ పిల్లల కోసం బడి తెరిచారు. మహర్, మాంగ్ అంటే మన వైపు మాల, మాదిగల వంటివాళ్ళు. ఇది విడి బడి అన్న సంగతి గమనించాలి. అందరినీ ఒకే బల్ల మీద కూర్చోబెడితేనే సమ్మిళితమని ఇవాళ్టి పుస్తకాలు చెబుతాయి. 1856 జూన్‌లో ధార్వాడ్‌లో ఒక మహర్ కుర్రాడు ఫీజు కడతానన్నా సర్కారు బడిలో చేర్చుకోలేదు. అతనొక్కడి కోసం తక్కినవాళ్ళు వెళ్ళిపోతే బడే పనికిరాకుండా పోతుందని ప్రభుత్వం వాదించింది. 1928లో సైమన్ కమిషన్‌కు ఇచ్చిన పత్రంలో అంబేద్కర్ ఈ సంగతి ఎత్తిచూపాడు. 'అందరి బడి' తలుపు ఇట్లా మూసుకున్న కాలంలో మాంగ్ పిల్లలకు విడి బడి పెట్టడం వేరుచేయడం కాదు, లోపలికి తీసుకోవడమే. మన గురుకులాల మీద 'వేరుగా పెట్టారు' అని విమర్శ వచ్చినప్పుడల్లా మాకు ధార్వాడ్ గుర్తొస్తుంది.

టీచరు ఎట్లా ఎదిగిందో ఆమె విద్యార్థుల్ని చూస్తే తెలుస్తుంది. ఈ బడుల్లో మూడేళ్ళు చదివిన మాంగ్ పిల్ల ముక్తా సాల్వే, మాంగ్ మహర్ల దుఃఖం గురించి ఒక వ్యాసం రాసింది. 1855 ఫిబ్రవరి, మార్చి నెలల్లో అది 'జ్ఞానోదయ' పత్రికలో అచ్చయింది. ఆ పత్రిక అహ్మద్‌నగర్‌లో పుట్టిన అమెరికన్ మిషన్‌దే. వేదాలు బ్రాహ్మలవే అయితే మాకు మతగ్రంథమే లేదన్నమాట, మరి మాది ఏ మతమో చెప్పమని ఆ పిల్ల నిలదీసింది. భవనాల పునాదుల్లో మాంగుల్ని, మహర్లను పూడ్చిన కాలం గురించి రాసింది. జ్ఞానమే మందని తనవాళ్ళకు చెప్పింది. కంఠస్థం చేయించే టీచరు దగ్గర ఇట్లాంటి ప్రశ్న పుట్టదు. పిల్ల తన వాడ బతుకును తరగతిలోకి తెచ్చి మాట్లాడినప్పుడు విన్న టీచరు దగ్గరే పుడుతుంది. సావిత్రి పాఠం నేర్చుకున్న మూడో చోటు ఇదని మేమంటాం.

ఆమె కూడా మారుతూనే ఉంది. 1856 అక్టోబర్‌లో జబ్బుపడి పుట్టింట్లో ఉండి జోతిరావుకు రాసిన ఉత్తరంలో, తాను లేక బడి భారమంతా ఫాతిమా మీద పడిందన్న బాధ కనిపిస్తుంది. మహర్ మాంగుల పని మానేయమన్న సోదరుడితో తన వాదన కూడా అందులోనే రాసింది. ఆవునూ మేకనూ ముద్దుచేస్తావు, నాగపంచమికి పాముకు పాలుపోస్తావు, సాటిమనిషిని మాత్రం ముట్టుకోవా అన్నది ఆ వాదన సారాంశం.

మన బి.ఇడి. సంగతికొద్దాం. 2014 ఎన్‌.సి.టి.ఇ. నిబంధనలతో కోర్సు రెండేళ్ళయింది, బడుల్లో గడిపే కాలం 20 వారాలకు పెరిగింది, సమ్మిళిత బడి మీద ఒక పేపరు వచ్చింది. మంచిదే. కానీ మేం చూసిన గైడ్లలో ఆ పేపరు దాదాపు వికలాంగుల విద్యే. 2016 చట్టంలోని నిర్వచనమూ వాళ్ళ గురించే. వాళ్ళ హక్కు వాళ్ళకు దక్కాల్సిందే, అందులో మాకు పేచీ లేదు. మరి కులం? అదొక పేరా. మేం టీచింగ్ ప్రాక్టీసు చేసిన ఒక బడిలో స్కాలర్‌షిప్ ఫారాలొచ్చిన రోజు 'ఎస్సీలు లేచి నిలబడండి' అని కేకేశారు. పిల్లలు నిలబడ్డారు. మా అబ్జర్వేషన్ రికార్డులో నల్లబల్ల పనికి, గొంతుకు, ప్రశ్నలడిగే తీరుకు గళ్ళున్నాయి గానీ, దీన్ని రాసే గడి లేదు.

ఎవరు టీచరు కావాలన్న విషయం మీద ఫూలే 1882లో హంటర్ కమిషన్ ముందు సూటిగా మాట్లాడాడు. ప్రాథమిక బడుల్లో టీచర్లు దాదాపు అందరూ బ్రాహ్మలే, ఎక్కువమందికి ట్రైనింగే లేదన్నాడు. సాగుచేసే కులాల్లోంచి, పిల్లలతో కలిసిపోగలవాళ్ళను తీసుకుని ట్రైనింగు ఇవ్వమన్నాడు. మహర్, మాంగ్ పిల్లలను పై కులాలవాళ్ళ పక్కన కూర్చోనివ్వరు కాబట్టి వాళ్ళకు ప్రత్యేక బడులు కావాలన్నాడు. ట్రైనింగైన టీచరుకు నెలకు 12 రూపాయలకు తగ్గకుండా జీతమివ్వాలని కూడా ఆ పత్రంలోనే అడిగాడు.