స్తంభానికి నార్వేలో తోబుట్టువు

హైదరాబాద్ సుల్తాన్ బజార్ నుంచి ఒక పాఠకుడు అడిగారు: 'నార్వేలో పాత కొయ్య చర్చిల నిలువు గుంజను స్టావ్ అంటారట. అది మన స్తంభానికి చుట్టమా?'

తోబుట్టువే! ఊతమిచ్చి కదలకుండా నిలపడం అనే ఒకే పాత ధాతువు నుంచి రెండూ పుట్టాయి. 12వ శతాబ్దపు ఉర్నెస్ చర్చి బరువంతా ఆ స్టావ్‌ల మీదే ఉంది. మన మాటలో 'మ' ఎక్కువ కదా అనొచ్చు. 'స్తబ్ధం' చూడండి, అదే ధాతువు, అందులో 'మ' లేదు. ఇక స్టావ్‌లో 'త' 'థ'గా ఎందుకు మారలేదు? మన 'త్రి'కి ఇంగ్లీషు తోబుట్టువైన 'థ్రీ'లో పాత 'త' 'థ' అయింది. భాషావేత్తలు రాస్క్ 1818లోనూ గ్రిమ్ 1822లోనూ వివరించిన మార్పు ఇది. ముందు 'స' ఉంటే ఆ మార్పు జరగదు.

అసలు విశేషం సుల్తాన్ బజార్ వీధిలోనే ఉంది. కరెంటు స్తంభాన్ని అక్కడి ఉర్దూవాళ్లు ఖంబా అంటారు. స్తంభమే ఖంబా అయిందని ఎవరైనా అనుకుంటారు. ప్రాకృత వ్యాకర్తలు వరరుచి, హేమచంద్రుడు కూడా అలాగే అనుకుని, 'స్తంభ'లోని 'స్త'కు 'ఖ' వస్తుందని ఈ ఒక్క మాట కోసం ప్రత్యేక సూత్రం రాశారు. ఒక్క మాటకే పనికొచ్చే సూత్రం కనబడితే అనుమానించాలి.

ప్రాకృతంలో 'స' పోతూ తన ఊపిరిని పక్క హల్లుకు ఇచ్చి పోతుంది. హల్లు మాత్రం తన స్థానం వదలదు. హస్తం హత్థ అయింది, హిందీలో హాథ్. స్కంధం ఖంధ అయింది. దంతాల దగ్గర పలికే 'త' కంఠానికి జారి 'ఖ' కాదు. కాబట్టి స్తంభం 'థంభ' కావాలి. అయింది కూడా! పట్టుకోమని హైదరాబాదీలు అనే 'థామో' ఆ ఇంటి మాటే. ఖంబా వచ్చింది వేరే మాట నుంచి: స్కంభం. అథర్వవేదంలో స్కంభ సూక్తమే ఉంది. అర్థం ఒకటే కావడంతో పెద్దలు పొరబడ్డారు.

మన కంబం కూడా స్కంభం సంతానమే, ఒత్తు పోయిందంతే. స్తంభాద్రి నుంచి ఖమ్మం వచ్చిందంటారు గానీ, ఈ లెక్కన కంబంమెట్టు అన్న పాత పేరు దారే నమ్మదగింది.

'ప్రకృతి స్తంభం, వికృతి కంబం' అని బడిలో ఇంకా వల్లె వేయిస్తున్నారు. 1901లో స్థాపించిన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం గ్రంథాలయం ఉన్న పేటలో పిల్లలకైనా ఆ జతను స్కంభం, కంబం అని దిద్ది చెప్పకూడదా?