పడిపోవడంలో రకాలు

అమెరికా వచ్చిన కొత్తల్లో ఒక క్లయింటు దగ్గర ఆర్డర్ల సిస్టమ్ చూసుకునేవాణ్ణి. ఒక శుక్రవారం రాత్రి కొత్త రిలీజ్ పెట్టాం. తెల్లవారేసరికి ఆర్డర్లు సగానికి పడిపోయాయి. నేను హడావిడిగా పంపిన మెయిల్లో "డ్రాస్టిక్ రిడక్షన్ ఇన్ ఆర్డర్స్" అని రాశాను. సోమవారం దాకా ఎవరూ కంగారు పడలేదు. సర్వర్ల మీద లోడు తగ్గించడానికి మేమే కావాలని ఆర్డర్లను ఆపుతున్నామని అవతలి మేనేజరు అనుకున్నాడట! అసలు సంగతేమిటంటే, కొన్ని బ్రౌజర్లలో ఒక బటను పనిచెయ్యడం లేదు. రెండు రోజుల అమ్మకాలు పోయాయి.

నా వాక్యంలో వ్యాకరణ దోషం లేదు. కానీ "రిడక్షన్" అనగానే ఎవరో తగ్గించారన్న ధ్వని వస్తుంది. కాస్ట్ రిడక్షన్, టాక్స్ రిడక్షన్ ఇలాంటివే. "డ్రాస్టిక్" పక్కన చేరితే ఆ ధ్వని ఇంకా బలపడుతుంది, ఎవరో కఠినమైన చర్య తీసుకున్నట్టు. తనంతట తాను పడిపోయినదానికి డ్రాప్, ఫాల్, డిక్లైన్ వాడాలి. "షార్ప్ డ్రాప్" అని రెండు ముక్కలు రాసి ఉంటే శనివారమే ఫోన్లు మోగేవి.

ఇలా అలవాటుగా కలిసి తిరిగే మాటల జంటలను భాషాశాస్త్రంలో కొలొకేషన్లు అంటారు. మనకి కొత్తేమీ కాదు. చీకటికి "చిమ్మ" తగిలిస్తాం, ఎండకి "మండు" తగిలిస్తాం. తిరగేసి ఎవరైనా "చిమ్మటెండ" అంటే నవ్వుతాం. ఇంగ్లీషులో మనం అలాంటివి రోజూ అంటూనే ఉంటాం, తెల్లవాళ్ళు మర్యాదకి నవ్వరు. "భారీ తగ్గుదల"ని మనసులో పెట్టుకుని "హెవీ డ్రాప్" అని రాసేస్తాం. హెవీకి జోడీ రెయిన్, ట్రాఫిక్, లాసెస్. డ్రాప్‌కి షార్ప్, డిక్లైన్‌కి స్టీప్ బాగా అతుకుతాయి.

ఈ రెండింటికీ తేడా గ్రాఫు గీస్తే తెలుస్తుంది. స్టీప్ అంటే వాలు. ఆ జారుడు చాలాకాలం సాగవచ్చు. షార్ప్‌లో హఠాత్తుగా జరిగిందన్న భావం ఎక్కువ. 2000 మార్చిలో 5,000 దాటిన నాస్‌డాక్ సూచీ 2002 అక్టోబరుకి 1,114 దగ్గరికి జారింది. అది స్టీప్ డిక్లైన్. (ఆ రోజుల్లో బెంచి మీద కూర్చున్నవాళ్ళకి వేరే పేర్లు కూడా గుర్తుండవచ్చు.) 1987 అక్టోబరు 19న డౌజోన్స్ ఒక్కరోజులో 22.6 శాతం పడిపోవడాన్ని మాత్రం క్రాష్ అనే అంటారు. "ప్లంజ్", "ప్లమ్మెట్" క్రియల్లో వేగం ముందే ఉంది కాబట్టి వాటికి "షార్ప్‌లీ" తగిలించడం దండగ.

ఏ మాటకి ఏది జోడీయో కంప్యూటరుకి ఎలా తెలుస్తుంది? 1990లో కెన్నెత్ చర్చ్, పాట్రిక్ హాంక్స్ ఒక పేపరులో మ్యూచువల్ ఇన్ఫర్మేషన్ అనే కొలతని దీనికి వాడారు. లెక్క తేలికే. పది లక్షల మాటల పాఠంలో షార్ప్ 100 సార్లు, డ్రాప్ 200 సార్లు వచ్చాయనుకుందాం. యాదృచ్ఛికంగా అయితే ఈ రెండూ పక్కపక్కన పడటం 100ని 200తో గుణించి పది లక్షలతో భాగిస్తే వచ్చే 0.02 సార్లు. అంటే దాదాపు లేనట్టే. నిజంగా చూస్తే 10 సార్లు కనిపించాయనుకోండి, ఊహించినదానికి 500 రెట్లు. దానికి రెండు ఆధారంగా లాగరిథమ్ తీస్తే సుమారు 9. అంకె ఎంత పెద్దదైతే జంట అంత గట్టిది.

ఇందులో ఒక మెలిక ఉంది. మొత్తం పాఠంలో ఒక్కోసారి మాత్రమే వచ్చిన రెండు మాటలు, అదీ పక్కపక్కనే వచ్చాయంటే, వాటికి 20 దాకా వచ్చేస్తుంది. అచ్చుతప్పులు అగ్రస్థానంలో కూర్చుంటాయి. అందుకని కనీసం ఐదారుసార్లయినా కనపడని జంటల్ని ముందే తీసెయ్యాలి. సరదాకి నా పాత మెయిళ్ళ మీద ఇదే లెక్క నడిపిస్తే "డ్రాస్టిక్"కి నేను ఎన్ని రకాల పెళ్ళిళ్ళు చేశానో తెలిసింది.

తెలుగు మీద నడిపించాలంటే ఇంకొంచెం పని. పడిపోయింది, పడిపోయాయి, పడిపోతోంది అన్నీ కంప్యూటరుకి వేర్వేరు మాటలే. ముందు ధాతువు విడదియ్యాలి. లేకపోతే జంటలన్నీ చీలికలై లెక్క పలచబడుతుంది. విభక్తిని పారేసినా ప్రమాదమే: "40 శాతం పడిపోయింది" అంటే మిగిలింది 60, "40 శాతానికి పడిపోయింది" అంటే మిగిలింది 40. ఇంగ్లీషులో "బై", "టు" మధ్య తేడా కూడా ఇదే.

విడదీశాక కూడా ఒకటి మిగులుతుంది. టమాటా ధర కిలో నలభై నుంచి పదికి వస్తే, కొనేవాడు "ధరలు దిగివచ్చాయి" అంటాడు, పండించినవాడు "ధర పడిపోయింది" అంటాడు. గ్రాఫు ఒకటే.