అతిథి మర్యాద మన సంప్రదాయం - అది ఉపాధి ఎందుకు కాకూడదు?

ఇంటికి మెహమాన్ వస్తే ఉన్నదాంట్లో మంచిది తెచ్చి ముందు పెట్టడం మన పెద్దలు నేర్పిన తెహజీబ్. హజ్రత్ ఇబ్రాహీం (అలైహిస్సలాం) ఇంటికి ముక్కూ మొహం తెలియని అతిథులు వచ్చినప్పుడు, ఆయన ఏమీ అడగకుండానే లోపలికి వెళ్ళి వేయించిన దూడ మాంసం తెచ్చి వారి ముందుంచిన వృత్తాంతం దివ్య ఖుర్ఆన్‌లో ఉంది. అతిథిని గౌరవించడం విశ్వాసంలో భాగమని దైవప్రవక్త ముహమ్మద్ (స) బోధించారు.

మక్కాలో హజ్ యాత్రికులకు నీరందించే బాధ్యతను 'సిఖాయా' అనీ, అన్నం పెట్టే బాధ్యతను 'రిఫాదా' అనీ పిలిచేవారు. ఖురైష్ వంశీయులు వాటిని గొప్ప గౌరవంగా భావించేవారు. వేలమందికి నీరు, అన్నం, బస సమకూర్చే ఇలాంటి పనినే ఈనాడు ఈవెంట్ మేనేజ్‌మెంట్ అంటున్నారు.

అయినా అబ్బాయి హోటల్ మేనేజ్‌మెంట్ చదువుతానంటే మన ఇళ్ళలో రెండు అభ్యంతరాలు వినిపిస్తాయి. "ఇంజనీరు అవుతావనుకుంటే బావర్చీ అవుతావా?" అన్నది మొదటిది. "అక్కడ షరాబ్ పోయాల్సి వస్తుంది" అన్నది రెండోది. మొదటిది పరువుకు సంబంధించినది, రెండోది ధర్మానికి సంబంధించినది. రెంటినీ కలిపి చూడకూడదు.

ముందు పరువు సంగతి చూద్దాం. 2010లో హైదరాబాదీ హలీంకు భౌగోళిక గుర్తింపు లభించింది. 2019లో యునెస్కో హైదరాబాద్‌ను వంటకళకు పేరొందిన సృజనాత్మక నగరాల జాబితాలో చేర్చింది. ఈ కీర్తి వెనుక తరతరాలుగా డేగ్ దగ్గర నిలబడిన బావర్చీల చెమట ఉంది. కానీ ఐదువందల మందికి ఎంత బియ్యం, ఎంత మాంసం కావాలో నోటిలెక్కతో చెప్పగల ఉస్తాద్‌కు కొటేషన్ రాయడం, ఒప్పందం చదవడం తెలియదు. అందుకే ఎదుటివారు చెప్పిన ధరకే పని ఒప్పుకుంటాడు. ఆయనకు పనితనం కొదవ లేదు, కొదవల్లా చదువే. ఆ లోటు కొడుకు తీర్చగలడు.

ఇంటర్‌లో ఇంగ్లిషు ఒక సబ్జెక్టుగా చదివి పాసైనవారు ఎన్‌సీహెచ్ఎం జేఈఈ అనే జాతీయ ప్రవేశ పరీక్ష రాయవచ్చు. హైదరాబాద్ విద్యానగర్‌లోని ప్రభుత్వ హోటల్ మేనేజ్‌మెంట్ సంస్థ వంటి చోట్ల మూడేళ్ళ బీఎస్సీలో సీటు ఈ పరీక్ష ద్వారా వస్తుంది. వంట, వడ్డన, ఫ్రంట్ ఆఫీసు, గదుల నిర్వహణ అనే నాలుగు విభాగాలూ అక్కడ నేర్పుతారు. ఉర్దూ మాధ్యమం పిల్లలు ఇంగ్లిషు అనగానే జంకుతారు. పదో తరగతి నుంచే రోజూ ఒక గంట సాధన చేస్తే ఆ జంకు పోతుంది. మదర్సాలో నేర్చిన అరబీ కూడా వృథా కాదు. వైద్యం కోసం హైదరాబాద్‌కు వచ్చే అరబ్బుల దగ్గర ఆ భాషకు విలువ ఉంది.

పెద్ద సభలకూ ఈ నగరం వేదికైంది. 2012లో జీవవైవిధ్య సదస్సు, 2017లో ప్రపంచ పారిశ్రామికవేత్తల సదస్సు ఇక్కడే జరిగాయి. అలాంటి సభకు వాహనాలు, బస, భోజనం, భద్రత, అనువాదం అన్నీ ఎవరో ఒకరు చూడాలి. ఆ ఒకరు మన పిల్లలు ఎందుకు కాకూడదు?

ఇక ధర్మం సంగతి. ఇందులో దాపరికం పనికిరాదు. మద్యం తాగేవాడినే కాక దాన్ని తయారుచేసేవాడినీ, మోసేవాడినీ, పోసేవాడినీ దైవప్రవక్త (స) శపించారు. పెద్ద హోటళ్ళ వంటశాలల్లో పంది మాంసం, వంటలో వాడే మద్యం కూడా ఎదురుకావచ్చు. మద్యం గురించిన పాఠాలూ చదువులో ఉంటాయి. కనుక చేరేముందే ఆలింను సంప్రదించాలి. శిక్షణలో ఏ విభాగానికి పంపుతారో, జుమా నమాజుకు వీలిస్తారో నోరు తెరిచి అడగాలి. మద్యం అమ్మని హోటళ్ళు, బేకరీలు, ఆసుపత్రుల వంటశాలలు, కంపెనీల క్యాంటీన్లు, హజ్-ఉమ్రా యాత్రా సంస్థలు ఉన్నాయి. హలాల్ దారి ఇరుకైనదే కావచ్చు, మూసుకుపోయింది మాత్రం కాదు.

అమ్మాయిలకూ ఇందులో చోటుంది. మన పెళ్ళిళ్ళలో జనానా వైపు ఏర్పాట్లు చూడటానికి, వడ్డించడానికి స్త్రీలే కావాలి. ఇంట్లోనే కేకులు, మిఠాయిలు చేసి అమ్మదలచినవారు ఆహార భద్రతా సంస్థలో ముందు నమోదు చేసుకోవాలి.

ఈ వృత్తిలో ఒక పరీక్ష ఉంది. పెళ్ళివారు ఎంత ఆడంబరం చేస్తే నిర్వాహకుడికి అంత లాభం. మూడొందల మందికి ఐదొందల మంది వంట వండించి, మిగిలింది పారబోయించడం ఇస్రాఫ్. దైవభీతి గల నిర్వాహకుడు లెక్క సరిగా చెప్పి, మిగిలిన అన్నం చెడకముందే పేదలకు చేరుస్తాడు. వండిన పదార్థం 5 నుంచి 60 డిగ్రీల వేడి మధ్య ఉంటే క్రిములు వేగంగా పెరుగుతాయి. కనుక అన్నం పంచడానికైనా అమ్మడానికైనా ఈ జ్ఞానం తప్పనిసరి. పెళ్ళివారు అతని చేతిలో పెట్టేది డబ్బు ఒక్కటే కాదు, వందలమంది ఆరోగ్యం కూడా. అది అమానత్.

తల్లిదండ్రులు పిల్లవాడి ఆసక్తిని ఎగతాళి చేయకుండా ఒకసారి కూర్చోబెట్టుకుని వినాలి. చేతి విద్యకు చదువు, చదువుకు దైవభీతి తోడైతే ఆ సంపాదనలో బర్కత్ ఉంటుంది. అల్లాహ్ మన పిల్లలకు హలాల్ జీవనోపాధిని ప్రసాదించుగాక! ఆమీన్.