శిశువిహారములో తొలి దినములు

ప్రసూతి సెలవు ముగియగానే, బిడ్డను ఎవరి చేతిలో పెట్టవలెనన్న ప్రశ్న ఉద్యోగము చేయు తల్లికి ఎదురగును. ఒకప్పుడు చిత్తూరు సీమలో అవ్వయో మేనత్తయో ఆ భారము వహించెడివారు. నేడు తిరుపతి కార్యాలయములకును, సత్యవేడు ప్రాంతమున శ్రీసిటీ కర్మాగారములకును పోవు తల్లులలో పలువురు సొంత ఊరికి దూరముగా కాపురముండువారు. అట్టివారికి శిశువిహారమే దిక్కు. అచట చేర్చిన తొలి వారములలో బిడ్డ పగలు సరిగా నిద్రింపక, రాత్రి ఉలికిపడి లేచి, తల్లి కొంగు విడువకుండుట కలదు. తాను తప్పు చేయుచున్నానేమోయని తల్లి కుమిలిపోవును. కారణము తెలిసినచో ఆ దిగులు కొంత తగ్గును. చేయదగిన పనియు తోచును.

మూత్రపిండములపై నుండు చిన్న గ్రంథులు కార్టిసాల్ అను రసమును స్రవించును. అది ఉదయమున హెచ్చుగా నుండి సాయంకాలమునకు తగ్గుట ప్రకృతిధర్మము. భయము, దిగులు కలిగినపుడు మరల హెచ్చును. శిశువు ఉమ్మినుండియే దానిని కొలువవచ్చును. ఇంట గడపిన దినమున క్రమముగా తగ్గు ఈ రసము, శిశువిహారములో గడపిన దినమున పలువురు పసివారిలో పెరుగుచున్నట్లు పరిశోధకులు కనుగొనిరి. 2004లో ప్రకటింపబడిన బెర్లిన్ నగర పరిశీలనలో, తల్లులు విడిచి వెళ్లిన మొదటి గంటలో 15 నెలల పిల్లలలో ఇది ఇంటికంటె 75 మొదలు 100 శాతము వరకు హెచ్చినది. తల్లి చెంతనుండి అలవాటు చేసిన దినములలోనో, ఆమెయందు గట్టి నమ్మకముగల పిల్లలలో అంతగా పెరుగలేదు. చోటు కొత్తదైనను మనిషి పాతదైనచో బిడ్డ ఓర్చుకొనుననుట ఇందు స్పష్టము.

ఇక నిద్ర సంగతి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పిన ప్రకారము, 4 మొదలు 11 నెలల శిశువునకు పగటి కునుకులతో కలిపి దినమునకు 12 మొదలు 16 గంటలు, ఏడాది నుండి రెండేండ్ల బిడ్డకు 11 మొదలు 14 గంటలు నిద్ర కావలెను. ఇంటిలో చీర ఉయ్యాలలో ఊగి నిద్రించు బిడ్డ, అచట సందడి నడుమ చాపపై వెంటనే కన్ను మూయునా? పగటి నిద్ర చెడి మిక్కిలి అలసిన బిడ్డ రాత్రి సుఖముగా నిద్రించుననుకొనుట పొరపాటు. ఏడ్పు, ఉలికిపాటు హెచ్చును. తొలి నెలలలో తరచుగా అంటుకొను జలుబు, జ్వరములును నిద్రను చెరచును.

తిరుమలలో ప్రతిరాత్రి ఏకాంతసేవవేళ తాళ్లపాకవారి జోల వినిపించుట ఈ సీమవారికి తెలిసినదే. మన ఇండ్లలోను శిశువునకు అట్టి తప్పని క్రమమే కావలెను: స్నానము, పాలు, దీపము తగ్గించుట, ఒకే జోలపాట. ఆ పాటనే పగలు ఆయమ్మయు పాడినచో, తల్లి కట్టి విడిచిన మెత్తని చీరముక్కను ఆమె చేతికిచ్చినచో, కొత్త చోట కొంత ఇల్లు కనిపించును. అయితే ఏడాది నిండని బిడ్డ నిద్రించునపుడు ఏ గుడ్డయు ముఖముచెంత ఉండరాదు, వెల్లకిలనే పరుండబెట్టవలెను. తొలి దినములలో తల్లి ఒక గంట తానును కూర్చుండి, పిమ్మట కొద్దికొద్దిగా విడిచియుండుట మేలు. వెళ్లునపుడు చాటుగా జారుకొనక, చెప్పి వెళ్లవలెను.

ఇందుకు యజమానుల సాయమును కావలెను. 2017 చట్టసవరణ ప్రసూతి సెలవును మొదటి ఇద్దరు బిడ్డలకు 26 వారములకు పెంచినది. ఏబదిమంది పనివారున్న సంస్థకు శిశువిహారము ఉండవలెననియు, తల్లి దినమునకు నాలుగుసార్లు బిడ్డను చూడవచ్చుననియు విధించినది. 2020 నాటి సామాజిక భద్రతా స్మృతిలోను ఈ నియమము నిలిచినది. అయితే సెలవు ముగియు వేళకును, బిడ్డ కొత్త ముఖమును చూచి బెదరు ప్రాయమునకును నడుమ వ్యవధి స్వల్పము. గది కట్టినంతమాత్రమున చాలదు. ఆయమ్మ నెలకొకతె మారుచున్నచో బిడ్డ ప్రతి నెలయు కొత్తగా బెదరును. ఒక్క ఆయమ్మ నిలుకడగా నుండి, ఆమె చేతిక్రింద పిల్లలు కొద్దిమందియే యున్నచో, బిడ్డ ఆమె ఒడిని గుర్తెరుగును. నిద్రయు దానంతటదే వచ్చును.