రెసిడెన్సీ తోటలోని చిన్న మేడ

హైదరాబాదు కోఠీలో, 1949 నుండి మహిళా కళాశాల నడచిన పాత రెసిడెన్సీ భవనము వెనుక, ఆ భవనమునకే చిన్న నమూనా యొకటి కట్టబడినది. ఘోషాలోనున్న భార్య బయటికి వచ్చి మేడను చూడజాలదు గనుక రెసిడెంటు ఆమె కొరకు దానిని కట్టించెనని ప్రతీతి. ప్రతీతి మధురమైనదే. మేము చెప్పదలచినది మాత్రము ఆ ఇంటి కథ.

జేమ్స్ అకిలీజ్ కిర్క్‌పాట్రిక్ 1798 నుండి 1805 వరకు నిజాం దర్బారులో ఈస్టిండియా కంపెనీ ప్రతినిధి. ఖైరున్నిసా బేగం ఇరాన్ మూలముగల సయ్యదుల యింటి పిల్ల. అప్పటికే మరియొకరితో పెండ్లి నిశ్చయమైనది. పరిచయము కలుగునాటికి ఆమెకు 14 ఏండ్ల ప్రాంతము. (నేటి పాఠకులు ఇచ్చట ఒక క్షణమాగుదురు, ఆగవలసినదే.) తల్లి షరఫున్నిసా ఈ సంబంధమునకు అనుకూలించెను. ముస్లిం కన్యను అన్యమతస్థునకు ఇచ్చుటకు షరియత్తు ఒప్పదు. కిర్క్‌పాట్రిక్ ఇస్లాం స్వీకరించి నికాహ్ చేసికొనెను. నగరమున అపవాదు రేగెను. గవర్నర్ జనరల్ వెల్లస్లీ విచారణ జరిపించెను.

పెండ్లికి మతము అడ్డువచ్చిన మాట నిజమే. ఆ అడ్డు ఒక కలిమాతో తొలగినది. బిడ్డల దగ్గర వచ్చిన అడ్డు తొలగలేదు. తలిదండ్రులలో ఒకరు భారతీయులైనను కంపెనీ కొలువునకు పనికిరారని 1791లోనే కట్టడి యేర్పడినది. కావున ఇంగ్లండులో పెంచుటయే మేలని తండ్రి యెంచెను. 1805లో సాహెబ్ ఆలం, సాహెబ్ బేగం అను 4, 3 ఏండ్ల పసివారు మద్రాసులో ఓడ యెక్కిరి. చిత్రకారుడు చిన్నరీ వారి రూపమును హైదరాబాదు దుస్తులలోనే చిత్రించెను. ఆ అక్టోబరులోనే తండ్రి కలకత్తాలో మరణించెను. 1806లో లండనులో బాప్తిస్మమైన పిదప పిల్లలు విలియం జార్జి, కేథరిన్ అరోరా అయిరి.

తల్లి వారిని మరల చూడలేదు. భర్త క్రింద పనిచేసిన హెన్రీ రస్సెల్ ఆమెకు చేరువయ్యెను; హైదరాబాదున స్థానము లేక ఆమె మచిలీబందరులో కాలము గడపుచుండగా, అతడు 1808లో మద్రాసున వేరొకతెను వివాహమాడెను. 1813లో 27వ యేట ఆమె కన్నుమూసెను.

1841లో కేథరిన్, అనగా కిట్టీ, అమ్మమ్మ షరఫున్నిసాకు ఉత్తరము వ్రాసెను. ఓడ యెక్కి 36 ఏండ్లు గడచినవి. మనుమరాలికి పారసీకము రాదు, అమ్మమ్మకు ఇంగ్లీషు రాదు, నడుమ అనువాదకులు. వారు మరల ఒకరినొకరు చూచుకొనలేదు. అమ్మమ్మ మాత్రము, భద్రపరచిన ఖైరున్నిసా వెండ్రుకల పాయ నొకదానిని సీమకు పంపెను.