మెదడులోని రక్తనాళపు బుడగ – కపాలం తెరవని చికిత్స

మెదడుకు రక్తాన్ని చేరవేసే ధమనుల గోడ ఒక్కొక్కచోట, ముఖ్యంగా అవి శాఖలుగా చీలే కూడళ్లలో, బలహీనపడి బుడగవలె ఉబ్బుతుంది. దీనినే వైద్యులు ఎన్యూరిజం అంటారు. పెద్దవారిలో నూటికి సుమారు ముగ్గురికి ఇది ఉండవచ్చునని అంచనా. వీటిలో అధికభాగం జీవితాంతం పగలకుండానే ఉండిపోతాయి. పగిలినచో మాత్రం మెదడు చుట్టూ రక్తం వ్యాపించి ప్రాణాపాయం కలుగుతుంది. అధిక రక్తపోటు, ధూమపానం, వంశపారంపర్యం ఇందుకు దోహదం చేస్తాయి. ఈ వ్యాధికి నేడు లభిస్తున్న చికిత్సను మా విద్యార్థులకు పరిచయం చేయడమే ఈ వ్యాసోద్దేశం.

1927లో పోర్చుగల్ వైద్యుడు ఎగాస్ మోనిజ్ మెదడులోని రక్తనాళాలను ఎక్స్‌రేలో చూచే విధానాన్ని కనిపెట్టాడు. 1937లో అమెరికాలో వాల్టర్ డాండీ కపాలాన్ని తెరచి, బుడగ మెడకు లోహపు క్లిప్పు బిగించాడు. 1990లో ఇటలీ వైద్యుడు గైడో గుగ్లియెల్మి రూపొందించిన ప్లాటినం తీగచుట్టను, అనగా కాయిల్‌ను, తొలిసారి రోగికి అమర్చారు. తొడ మొదట గల ధమనిగుండా సన్నని గొట్టాన్ని మెదడువరకు పంపి, తెరపై చూస్తూ, బుడగను ఆ తీగతో నింపుతారు. లోపల రక్తం గడ్డకట్టి బుడగ మూసుకొంటుంది. బుడగ పగిలిన 2143 మంది రోగులపై జరిగిన అంతర్జాతీయ పరిశోధన 2002లో వెలువడింది. ఏడాది తర్వాత మరణించినవారు, పరులపై ఆధారపడినవారు కలిసి శస్త్రచికిత్స పొందినవారిలో నూటికి 30.6 కాగా, కాయిల్ పొందినవారిలో 23.7 మాత్రమే.

అయితే అన్ని బుడగలూ ఒక తీరున ఉండవు. కూజాలో వేసిన గోలీలు కూజా ఒరిగినా తేలికగా బయటికి రావు. వెడల్పు గిన్నెలోనివి వెంటనే దొర్లిపోతాయి. బుడగ మెడ 4 మిల్లీమీటర్లు, అంతకుమించి ఉన్నా, బుడగ వెడల్పు మెడకు రెండింతలకంటె తక్కువైనా దానిని వెడల్పు మెడ బుడగ అంటారు. అట్టిదానిలో కాయిల్ నిలువక ధమనిలోకి జారితే రక్తప్రసారం ఆగి పక్షవాతం రావచ్చు.

దీనికి వైద్యులు పలు ఉపాయాలు కనుగొన్నారు. మొదటిది, కాయిల్ నింపుచున్నంతసేపు మెడవద్ద చిన్న బెలూనును ఉబ్బించి అడ్డుపెట్టడం. రెండవది, ధమనిలో స్టెంట్ అనే వల గొట్టాన్ని శాశ్వతంగా అమర్చి, కాయిల్‌ను ఆపడం. మూడవది, ప్రవాహాన్ని మళ్లించే దట్టమైన జాలి గొట్టం. దీనికి అమెరికాలో 2011లో అనుమతి లభించింది. ధర్మవరం మగ్గాలపై పట్టు, జరీ పోగులను నిత్యం చూచే మనకు దీని నిర్మాణాన్ని ఊహించుట కష్టం కాదు: వెంట్రుకకంటె సన్నని లోహపు పోగుల అల్లిక అది. రక్తం ధమనిలో యథావిధిగా సాగుతుంది. బుడగలోనికి పోయే జోరు తగ్గి, కొన్ని నెలల్లో అది మూసుకొంటుంది. నాలుగవది, బుడగలోపలే విచ్చుకొనే అల్లిక బుట్ట. దీనికి అక్కడ 2018 చివర అనుమతి వచ్చింది.

స్టెంట్, జాలి గొట్టం అమర్చినవారు రక్తం గడ్డకట్టకుండా రెండు రకాల మందులు కొన్ని నెలలు వాడవలసి ఉంటుంది. కనుకనే అప్పుడే పగిలిన బుడగలకు వాటిని జాగ్రత్తగా ఆలోచించి వాడుతారు. బుట్ట బుడగలోనే ఉండుటచేత ఆ అవసరం చాలవరకు తగ్గుతుంది. కొందరికి నేటికీ క్లిప్పే మేలు. ఏది తగినదో నిర్ణయించవలసినది వైద్యులే.

ఇంత విజ్ఞానమున్నా రోగి సకాలంలో చేరనిచో ఫలితం శూన్యం. క్షణంలో పిడుగువలె వచ్చిన, మునుపెన్నడూ ఎరుగని తలనొప్పి, వాంతులు, మెడ బిగుసుకొనుట, రెప్ప వాలుట, స్పృహ తప్పుట దీని లక్షణాలు. మన ప్రాంతంలో దీనిని వేసవిలో ఎండదెబ్బ అనీ, రంజాన్ మాసంలో ఉపవాస నీరసమనీ, ఇతర వేళల్లో పైత్యమనీ తలచి కాలహరణం చేయడం కద్దు. పగిలిన బుడగ తొలి 24 గంటలలోనే మరల పగిలే ప్రమాదం ఎక్కువ. స్వయంగా ఆస్పిరిన్ మాత్ర మ్రింగించుట ప్రమాదకరం. 2005 నుండి మన రాష్ట్రంలో ఉన్న 108 వాహనాన్ని పిలిచి, తల సి.టి. స్కాన్ తీయగల ఆసుపత్రికి ముందుగా చేర్చాలి. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం పట్టణాలు బెంగుళూరు రైలుమార్గం మీద ఉన్నాయి. హిందూపురానికి ఆ నగరం సుమారు 100 కిలోమీటర్లు. 1974లో ఏర్పడిన నిమ్హాన్స్ అక్కడనే ఉన్నది.

వ్యాధిగ్రస్తునికి ఉపవాసంనుండి సడలింపు ఇచ్చిన ధర్మం మనది. పెనుకొండ బాబయ్య దర్గాలో దువా చేసే చేతులే దవాకూ త్వరపడాలి. విద్యార్థులారా! ఈ లక్షణాలను నేడే మీ ఇంట చెప్పండి. ఏదో ఒకనాడు ఆ మాట ఒక ప్రాణాన్ని నిలుపగలదు.